మంజీరకు లేని గోడలు

నిజాంసాగర్ ఆనకట్ట పొడవు దాదాపు మూడు కిలోమీటర్లు. శ్రీశైలం ఆనకట్ట పొడవు 512 మీటర్లు. మొదటిది మంజీర మీద ఉంది. ఆ మంజీర గోదావరిలో కలిసే ఒక ఉపనది. రెండోది సాక్షాత్తూ కృష్ణ మీద ఉంది. చిన్న నదిని ఆపడానికి అంత పొడుగు కట్ట కావలసి వచ్చి, పెద్ద నదికి అందులో ఆరో వంతు సరిపోవడం వింతగా తోస్తుంది గానీ ఇంజనీర్ల లెక్కలో తప్పేమీ లేదు. ఆనకట్ట పొడవు నది బలాన్ని చెప్పదు, లోయ ఆకారాన్ని చెబుతుంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ను ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పళ్లెం లాంటి నేలలో కట్టవలసి వచ్చింది. బాన్సువాడ, నస్రుల్లాబాద్, వర్ని, బోధన్ వైపు వరి మళ్లకు పారేది ఆ పళ్లెంలో నిలిచిన నీరే. శ్రీశైలం దగ్గర కృష్ణ నల్లమల కొండల నడుమ ఇరుకు సందులో దూరుతుంది. అక్కడ కట్టను పొడిగించే పని లేదు, ఎత్తు లేపితే చాలు. అందుకే అది 145 మీటర్లు లేచింది. సందు ఎక్కడ పడుతుంది, పళ్లెం ఎక్కడ మిగులుతుంది అన్నదే ఈ వ్యాసంలో విషయం.

నిజాంసాగర్ నీరు పారే నస్రుల్లాబాద్ నుంచి కారులో బయల్దేరి నిటారు గోడల లోయ చూడాలంటే తెలుగు నేల మీద వెళ్లవలసిన చోటు కడప జిల్లాలోని గండికోట. అయిదు వందల కిలోమీటర్లు దాటే ప్రయాణం. అక్కడ కోట అంచున నిలబడి కిందికి చూస్తే సుమారు 300 అడుగుల లోతున పెన్నా నది. రెండు వైపులా మేస్త్రీ పేర్చినట్టున్న ఎర్రరాతి వరుసలు. ఇది ఎలా ఏర్పడిందని అడిగితే దొరికే జవాబు ఒకటే, నది యుగయుగాలుగా కొండను కోసేసిందని. ఇది సగమే నిజం. నది అడుగును మాత్రమే కోస్తుంది. ఆ కోత లోయగా పరుచుకుంటుందా, గోడలుగా నిలుస్తుందా అన్నది పక్కనున్న రాయి చేతిలో ఉంది. ఇంకా ముందుకెళ్లి చెప్పాలంటే, గండికోటను గండికోటగా నిలిపింది నీటి సమృద్ధి కాదు, నీటి కరువు. చెప్పడానికి విడ్డూరంగా ఉన్నా సాక్ష్యాలు ఇటే మొగ్గుతున్నాయి.

గండి అన్న మాటతోనే మొదలుపెట్టవచ్చు. చెరువు కట్ట తెగితే గండి పడిందంటాం. కొండల వరుస తెగి నదికి దారిచ్చిన చోటునూ గండి అంటాం. పని ఒకటే కాబట్టి పేరూ ఒకటే అయింది. కానీ ఆ రెండు గండ్ల నడవడి ఒకటి కాదు. చెరువు గండి మొదట మనిషి పట్టేంత సందుగా మొదలవుతుంది. పక్కల మట్టి నాని, జారి, నీటిలో కలిసి, గంటలో బండి పట్టేంత అవుతుంది, తెల్లారేసరికి కట్ట సగం ఉండదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు జరిగింది అదే. గంటల వ్యవధిలో కట్టలో పెద్దభాగం కొట్టుకుపోయింది. మట్టిలో పడిన గండి ఇరుకుగా నిలవలేదు. రాతిలో పడిన గండి నిలవగలదు, అదీ అన్ని రాళ్లలో కాదు.

నస్రుల్లాబాద్ చుట్టుపక్కల రాయి కూడా మెత్తనిదేం కాదు. అది నల్లరాయి, గ్రానైటూ నైసూ కలిసిన దక్కను పీఠభూమి పునాది. వయసు 250 కోట్ల ఏళ్ల దరిదాపు. సుత్తెతో కొట్టి చూస్తే గండికోట రాయికీ దీనికీ గట్టిదనంలో పెద్ద తేడా తెలియదు. తేడా అంతా లోపలి ఖనిజాల్లో ఉంది. గ్రానైటులో సగానికి పైగా ఉండేది ఫెల్‌స్పార్. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరిగించుకుని పలచని ఆమ్లంగా నేలలోకి దిగుతుంది. ఆ ఆమ్లం తగిలిన ఫెల్‌స్పార్ వేల ఏళ్లలో తెల్లమట్టిగా మారుతుంది. దాంతో పట్టు వదిలిన స్ఫటికపు గింజలు రాలిపోతాయి. ఇలా ఉన్నచోటనే కుళ్లిన గ్రానైటునే మనం మొరం అంటాం, తవ్వి రోడ్లకు పోస్తాం. పగుళ్ల వెంట దిగిన నీరు రాతిదిమ్మెల మూలలను ముందు తినేస్తుంది కాబట్టి మిగిలిన నడుములు గుండ్రటి గుండ్లవుతాయి. తెలంగాణ గుట్టల మీద ఒకదానిపై ఒకటి కూర్చున్న ఆ గుండ్లను ఎవరూ పేర్చలేదు, చుట్టూ ఉన్న మొరం కొట్టుకుపోతే మిగిలాయంతే. ఇలాంటి రాతిలో నది ఎంత లోతు కోసినా పక్కలు నిలవవు. కుళ్లి, జారి, వాలుగా పరుచుకుంటాయి. పైగా మంజీర నిదానం మనిషి. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో సుమారు 823 మీటర్ల ఎత్తున పుట్టి, 724 కిలోమీటర్లు నడిచి, కందకుర్తి దగ్గర సుమారు 323 మీటర్ల ఎత్తున గోదావరిలో కలుస్తుంది. అంటే సగటున కిలోమీటరుకు 70 సెంటీమీటర్ల దిగుడైనా లేదు.

భువనగిరి గుట్ట సంగతేమిటని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. అదీ గ్రానైటే, నిటారుగానే ఉంది. నిజమే, కానీ అది పగులు దాదాపు లేని ఏకశిల. నీరు లోపలికి దిగే దారి దొరక్క మీది నుంచి జారిపోతుంది. అలాంటి దిమ్మ ఒంటిగా నిలుస్తుంది గానీ, దానిలోంచి నది దూరి గండి కొట్టదు. పగుళ్లు లేని రాతిలో నదికి పట్టు దొరకదు, పగుళ్లున్న గ్రానైటులో గోడకు నిలకడ దొరకదు. లోయకు కావలసింది పగుళ్లుండి కూడా కుళ్లని రాయి.

ఆ రాయి ఎక్కడ మొదలవుతుందో దారే చెబుతుంది. కామారెడ్డి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కినప్పటి నుంచి హైదరాబాదు మీదుగా బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, తుంగభద్ర దాటి కర్నూలు చేరేదాకా కిటికీలోంచి కనిపించేవి ఎక్కువగా గుండ్లూ మొరమే. కర్నూలు దాటి నంద్యాల దారి పట్టాక కొండల గీత మారిపోతుంది. గుండ్రటి తలలు పోయి, బల్లపరుపు తలలూ అడ్డగీతల పక్కలూ వస్తాయి. పాణ్యం, బనగానపల్లె, కోవెలకుంట్ల, నార్జి వంటి ఊళ్ల పేర్లనే అక్కడి రాతిపొరలకూ పెట్టారు. ఆ పొరల మీద విలియం కింగ్ రాసిన పెద్ద గ్రంథాన్ని భారత భూగర్భ సర్వే సంస్థ 1872లో అచ్చువేసింది. కడప, కర్నూలు శిలాశ్రేణులంటూ నేటికీ చెప్పుకొనే లెక్కకు మొదలు అదే. నాపరాయి పరిచిన ఇంట్లో పెరిగినవాళ్లకు పొర అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. సముద్రపు అడుగున పలకలు పలకలుగా పేరుకున్న సున్నపురాయి అది. గండికోటది అదే కుదురుకు చెందిన మరో పొర. సున్నానికి బదులు ఇసుక.

ఆ ఇసుక ఒకప్పటి లోతులేని సముద్రపు ఒడ్డుది. గింజల మధ్య సందుల్లోకి సిలికా దిగి, అతికించి, పైబరువుకు బిగిసి, క్వార్ట్‌జైట్ అనే రాయి అయింది. దీనిలో ఫెల్‌స్పార్ పాలు చాలా తక్కువ, దాదాపు అంతా స్ఫటికమే. వాననీటి ఆమ్లం స్ఫటికాన్ని ఏమీ చేయలేదు. ఏళ్ల తరబడి తడిసినా ఈ రాయి మొరం కాదు. కానీ పొరపొరగా పరుచుకున్న రాయి కాబట్టి అడ్డంగా పొరల గీతలున్నాయి, బిగుసుకున్నప్పుడూ కదిలినప్పుడూ పడిన పగుళ్లు నిలువునా ఉన్నాయి. అడ్డగీతా నిలువుగీతా కలిస్తే వచ్చేది ఇటుక లాంటి దిమ్మ. నది అడుగున కోసుకుంటూ పోతే, ఆధారం తప్పిన దిమ్మ నిలువు పగులు వెంట విడిపోయి నేరుగా కింద పడుతుంది. దాని వెనక మిగిలేది మళ్లీ నిలువు ముఖమే. గోడ వెనక్కి జరుగుతుంది గానీ వాలిపోదు. కోట కట్టినవాళ్లు ఈ సంగతి చేతులతో తెలుసుకున్నారు. కొండ విప్పిచ్చిన ఎర్రరాయినే ప్రాకారాలకు ఎత్తారు. అందుకే దూరం నుంచి చూస్తే కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

ఇక్కడ వయసుల చిక్కు ఒకటుంది. గండికోట ఎంత పాతది అంటే మూడు జవాబులున్నాయి, వాటిని కలిపేయడం వల్లే చాలా పొరపాటు మాటలు పుడుతున్నాయి. కోట పుట్టుక 1123 నాటిదని వాడుకలో ఉన్న లెక్క. తరువాత పెమ్మసాని నాయకుల ఏలుబడిలో అది పెద్దదయింది. రాయి వయసు నూరు కోట్ల ఏళ్లకు పైమాటే. దాని అడుగున ఉన్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలలకు సుమారు 188 కోట్ల ఏళ్లని కొలిచారు కాబట్టి, ఆ పొరలు కనీసం అంత పాతవని తెలుసు. లోయ వయసు ఈ రెండింటికీ మధ్యన, అయితే కోటకన్నా చాలా పాతగా, రాతికన్నా చాలా కొత్తగా ఉంటుంది. ఊహకు అందడానికి ఒక లెక్క వేసుకుందాం. నది ఏడాదికి మిల్లీమీటరులో నూరో వంతు చొప్పున అడుగు దించిందనుకుంటే 90 మీటర్లకు 90 లక్షల ఏళ్లు పడుతుంది. రేటు రెట్టింపైతే కాలం సగమవుతుంది. ఎటు చూసినా రాయి వయసులో నూరో వంతుకు మించదు. రాయి కాలమంతటితో పోలిస్తే గండి నిన్నటిది.

భూకంపంతో కొండ చీలిందన్న మాట కూడా వింటాం. అది పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. నది దారి పట్టిన చోట పగుళ్లు ముందే ఉండి ఉంటాయి, ఆ పగుళ్లు భూమి కదలికల వల్ల పడినవే. కానీ చీలికే లోయ అయితే గుర్తులు వేరుగా ఉండాలి. కొండ నిలువునా విరిగి ఒక వైపు కుంగితే, ఈ గోడలో పదో వరుస ఆ గోడలో అయిదో వరుసకు ఎదురుగా రావాలి. గండికోటలో అంచున నిలబడి ఒక మందపాటి పొరను గుర్తుపెట్టుకుని ఎదుటి గోడలో వెతికితే, దాదాపు అదే ఎత్తులో అదే పొర దొరుకుతుంది. రెండు గోడల మధ్యనున్న రాయి పక్కకు జరగలేదు, మాయమైపోయింది. మాయం చేయగలిగింది దాన్ని పిండి చేసి మోసుకుపోయే నది ఒక్కటే. పైగా లోయ తిన్నగా లేదు, మెలిక తిరిగి ఉంది. మెలికలు తిరగడం నది అలవాటు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. నీరు పల్లానికి కదా పోవాలి, పెన్నా కొండకు ఎదురెళ్లడమేమిటి? గండికోట ఉన్న ఎర్రమల కొండలను చుట్టి పోవచ్చుగా? ఈ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది, కొండ ముందు, నది తరువాత అని. ఆ వరుసను తిప్పేస్తే చిక్కు విడిపోతుంది. నది మొదట పారింది ఇప్పటి కొండల శిఖరాలకన్నా ఎత్తున ఉన్న నేల మీద. ఆ నేలలో కొన్నిచోట్ల మెత్తని షేలు, సున్నపురాయి, కొన్నిచోట్ల గట్టి క్వార్ట్‌జైట్. కోట్ల ఏళ్ల అరుగుదలలో మెత్తనిది వేగంగా దిగిపోయింది, గట్టిది వెనకబడి మిగిలింది. మిగిలినదాన్నే మనం ఎర్రమల అంటున్నాం. కొండ లేచి నదికి అడ్డం పడలేదు, చుట్టూ నేల కుంగిపోతే కొండ బయటపడింది. అప్పటికే దారి పట్టేసిన నది తన కింద తగిలిన రాయినల్లా కోసుకుంటూ దిగింది. ఇది గండికోట ఒక్కచోటే జరిగి ఉంటే కాకతాళీయం అనుకోవచ్చు. కానీ పాపాఘ్ని వేంపల్లె దగ్గర గండి క్షేత్రంలో ఇలాగే కొండల వరుసను అడ్డంగా కోసింది. చెయ్యేరూ అదే చేసింది. పెన్నా తానే మళ్లీ సోమశిల దగ్గర వెలికొండలను తెంచుకుని నెల్లూరు వైపు పోయింది. ఇన్ని గండ్లకు ఇన్ని వేరు వేరు భూకంపాలను వెతకడం కన్నా, ఒకే పాత నేల మీద మొదలైన నదులన్నీ ఒకే పద్ధతిలో కిందికి దిగాయనడం సబబు.

ఇప్పుడు నీటి కరువు మాటకు వద్దాం. నస్రుల్లాబాద్ ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల దరిదాపు వాన పడుతుంది. పెన్నా దాటి వచ్చే అనంతపురం సీమలో సగటు 550 అటూఇటూ. పడమటి కనుమల చాటున పడిన నేల అది. వానే లోయను చేసేదైతే లోయ మంజీరకు ఉండాలి, పెన్నాకు కాదు. అసలు జరిగేది ఇంకోలా ఉంటుంది. నది అడుగును కోస్తుంది, పక్కలను కోసేది వాన. పక్కల మీద పడ్డ వాన రాతిని నానబెడుతుంది, మట్టి పుట్టిస్తుంది, మట్టిలో చెట్టు మొలుస్తుంది, వేరు పగులులో దూరి దిమ్మను కదుపుతుంది, వాగులు అంచును గుల్ల చేస్తాయి. వాన ఎక్కువైనకొద్దీ గోడ వాలవుతుంది. ఎండిన సీమలో పక్కలు అలాగే ఉండిపోతాయి, ఎక్కడో దూరాన పుట్టిన వరద మాత్రం వచ్చి అడుగు కోసిపోతుంది. లోతు ఇతరుల వానది, నిలువు తన ఎండది. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ కథా ఇదే. రాకీ పర్వతాల మంచు కరిగిన నీటితో కొలరాడో నది కోస్తుంటే, లోయ అడుగున ఏడాదికి సుమారు 250 మిల్లీమీటర్ల వానే పడుతుంది.

పాపికొండలు ఈ వాదానికి ఎదురు నిలబడతాయి కదా అంటే, వాటినీ చూద్దాం. 2008లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ఆ అడవుల మధ్య గోదావరి కూడా కొండలను చీల్చుకునే పోతుంది, వానకు అక్కడ కొరత లేదు. అయితే అక్కడ గోడలున్నాయా? లావుపాటి జడల మధ్య పాపిడి తీసినట్టుందని పేరు పెట్టినవాళ్లు ఉన్నదున్నట్టే చూశారు. ఎటు చూసినా పచ్చటి వాలులే గాని కత్తితో కోసినట్టున్న ముఖాలు కావు. తూర్పు కనుమల ఖోండలైటు రాయి వానకు మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది, మట్టి అడవిని మోస్తుంది. గోదావరి బలం పెన్నా బలానికి ఎన్నో రెట్లు, అయినా వాలే మిగిలింది. ఇది నా వాదానికి దెబ్బ కాదు, ఆసరా.

ఎండిన పెన్నా అంత గట్టి రాతిని ఎలా కోసిందన్న సందేహం మాత్రం మిగులుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మేటలు తప్ప నీరు కనబడని నది అది. అయితే నీరు ఒక్కటే రాతిని కోయదు, నీటితో వచ్చే ఇసుకా కంకరా కోస్తాయి. ఉలి ఇసుకది, చెయ్యి నీటిది. రోజూ కొద్దిగా పారే నీరు కంకరను కదపలేదు. అక్టోబరు, నవంబరు తుపాన్లకు ఒక్కసారిగా విరుచుకుపడే వరద కదుపుతుంది, అడుగున పగులు వెంట వదులైన దిమ్మలను పెళ్లగించి దొర్లిస్తుంది. ఏడాది పొడుగునా నెమ్మదిగా పారిన నది కన్నా, మూడొందల రోజులు పడుకుని మూడు రోజులు లేచే నదే రాతిమీద ఎక్కువ పని చేయగలదు. నందికొండల నుంచి బంగాళాఖాతం దాకా 597 కిలోమీటర్ల పెన్నా, 55 వేల చదరపు కిలోమీటర్ల పరీవాహకంతో, సరిగ్గా అలాంటి నది.

దీన్ని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అనడం పర్యాటక ప్రకటనలకు అలవాటైపోయింది. కొలతలు పెడితే ఆ పోలిక నిలవదు. గ్రాండ్ కాన్యన్ 446 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 29 కిలోమీటర్ల వెడల్పు, 1,800 మీటర్లకు పైగా లోతు. గండికోట లోతు అందులో ఇరవయ్యో వంతు. ఆకారమూ వేరే. అక్కడ గట్టి పొర, మెత్తని పొర మార్చి మార్చి వస్తాయి కాబట్టి గోడ, వాలు, గోడ, వాలు అంటూ మెట్లు పడ్డాయి. ఇక్కడ దాదాపు ఒకే గట్టి రాయి కాబట్టి ఒకే నిలువు గోడ. పోటీ పెట్టాలనుకునేవాళ్లకు ఒక్క విషయంలో మాత్రం గండికోట గెలుస్తుంది. గ్రాండ్ కాన్యన్ పై అంచున కాలు పెడితే తగిలే సున్నపురాయి వయసు సుమారు 27 కోట్ల ఏళ్లు. నూరు కోట్లు దాటిన రాళ్లను తాకాలంటే అక్కడ లోయ అడుగుదాకా దిగాలి. గండికోటలో కారు దిగి, కోటలో నడిచి, అంచు మీద కూర్చుంటే చాలు, కూర్చున్నది ఆ వయసు రాతి మీదే.

1919లో గ్రాండ్ కాన్యన్‌ను అమెరికా జాతీయ ఉద్యానం చేసింది. 1963లో దానికి ఎగువనే గ్లెన్ కాన్యన్ ఆనకట్ట నీటిని పట్టడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఎర్రగా బురదతో వచ్చిన కొలరాడో తేటపడింది. ఇసుకంతా జలాశయంలో దిగిపోయింది, కింద లోయలో ఇసుక తిన్నెలు కరిగిపోసాగాయి. 1996 నుంచి అప్పుడప్పుడూ తలుపులెత్తి కృత్రిమ వరద వదిలి తిన్నెలను నిలబెట్టుకోవాలని అక్కడివాళ్లు తంటాలు పడుతున్నారు. గండికోటకు రెండు వైపులా ఆనకట్టలున్నాయి. ఎగువన 26.85 టీఎంసీల గండికోట జలాశయం, దానిలోకి గాలేరు–నగరి కాలువ శ్రీశైలం నుంచి కృష్ణ నీటిని కూడా తెస్తుంది. దిగువన జమ్మలమడుగు దగ్గర మైలవరం జలాశయం, దాని నీరు వెనక్కి లోయలోకి ఎక్కుతుంది. ఫోటోల్లో గోడల మధ్య నిశ్చలంగా మెరిసే ఆ ఆకుపచ్చ నీరు చాలావరకు పారే నది కాదు, నిలవ నీరు. కరువు సీమకు ఆ నీటి అవసరం ఎంతో చెప్పనక్కర్లేదు, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. భూగర్భ శాస్త్రం లెక్కలో మాత్రం అక్కడ పని ఆగింది. పెన్నా తెచ్చే ఇసుకా కంకరా ఎగువ జలాశయంలోనే దిగబడిపోతున్నాయి. కింద నిలిచిన నీరు వరదను అడుగు తాకనివ్వదు. పగుళ్ల వెంట దిమ్మలు మాత్రం ఎప్పటిలాగే అప్పుడొకటీ ఇప్పుడొకటీ ఊడి పడతాయి. ఆనకట్టలు ఉన్నంత కాలం గండికోట లోతు పెరగదు, వెడల్పే పెరుగుతుంది.